తీరపట్టణ యాత్ర: స్థానిక ఆహారం, సంస్కృతి (మచిలీపట్నం ఒక అధ్యయనం)

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 ఊరి నేపథ్యం: బందరు ఎలా ఏర్పడింది?
7.3 బందరు తిండి
  7.3.1 సముద్రం, ఏరు, చెరువు
  7.3.2 బందరు లడ్డు, హల్వా
  7.3.3 పోర్చుగీసువారి జాడ
7.4 చేతిపని: కలంకారీ అద్దకం
7.5 ఆటపాటలు, ఉత్సవాలు
7.6 పోలిక: పోర్చుగల్‌లోని ఆవేరో
7.7 యాత్రికుడు పాటించవలసిన పద్ధతులు
7.8 సారాంశం
7.9 కీలకపదాలు
7.10 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు
7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ఒక తీరపట్టణపు ఆహారానికీ, అక్కడి చరిత్రకూ, వృత్తులకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• బందరు లడ్డు, కలంకారీ వంటి స్థానిక ఉత్పత్తులు తయారయ్యే విధానాన్ని చెప్పగలుగుతారు.
• భౌగోళిక సూచిక అంటే ఏమిటో, అది యాత్రికునికి ఎందుకు ముఖ్యమో తెలుసుకొంటారు.
• కొత్త ఊరికి వెళ్లినప్పుడు ఏం తినాలో, ఏం కొనాలో, ఎలా మెలగాలో స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

యాత్ర అనగానే మనకు చూడవలసిన స్థలాల జాబితా గుర్తుకొస్తుంది. గుడి, కోట, సముద్రతీరం చూసి, ఫోటోలు తీసుకొని తిరిగి వస్తాం. ఊరివాళ్లు ఏం తింటారో, ఏ పనిచేసి బతుకుతారో తెలియకుండానే ఆ ఊరు చూశామని చెప్పుకొంటాం. ఈ యూనిట్‌లో మనం మరో పద్ధతిని పరిశీలిద్దాం. ఊరి తిండినీ, చేతిపనినీ ఆధారం చేసుకొని ఆ ఊరిని అర్థం చేసుకొనే పద్ధతి ఇది.

ఉదాహరణకు మీరు రంగారెడ్డి జిల్లాలోని జల్‌పల్లిలో ఉంటున్నారనుకోండి. మీ ఊళ్లో చెరువు ఉంది, పక్కనే పహాడీ షరీఫ్ దర్గా గుట్ట ఉంది. సముద్రం మాత్రం లేదు. జల్‌పల్లి నుంచి బయలుదేరి హయత్‌నగర్ దగ్గర విజయవాడ రహదారిని అందుకొంటే, అదే దారి మిమ్మల్ని విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరుస్తుంది. నేడు దీన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం. హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి దాదాపు 340 కిలోమీటర్లు.

గోల్కొండ రాజధానినీ, దాని ప్రధాన రేవునూ కలిపిన పాత వర్తకమార్గం కూడా హయత్‌నగర్ మీదుగానే సాగింది. కుతుబ్‌షాహీల నాటి హయాత్ బక్షీ బేగం పేరిట అక్కడ మసీదు, బాటసారుల కోసం కట్టిన సరాయి నేటికీ ఉన్నాయి. అందువల్ల మచిలీపట్నం మీకు పరాయి ఊరు కాదు. మీ ప్రాంతపు సరుకు ఒకప్పుడు ఓడ ఎక్కిన ఊరు అది.

మచిలీపట్నాన్ని ఇక్కడి ప్రజలు బందరు అని పిలుస్తారు. ఈ యూనిట్‌లో రెండు పేర్లనూ వాడతాం.

7.2 ఊరి నేపథ్యం: బందరు ఎలా ఏర్పడింది?

‘బందర్’ అంటే పారశీక భాషలో రేవు. ఊరి వాడుకపేరే దాని పుట్టుకను చెబుతుంది. 16, 17 శతాబ్దాలలో ఇది గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుపట్టణం. ఇక్కడి నుంచి బట్టలు, వజ్రాలు, నీలిమందు వంటి సరుకులు పర్షియాకూ, ఆగ్నేయాసియాకూ, తరువాత ఐరోపాకూ వెళ్లాయి. 16వ శతాబ్దిలోనే పోర్చుగీసు వర్తకులు ఈ తీరంలో తిరిగారు. 1606 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. వజ్రాల వర్తకుడూ, యాత్రికుడూ అయిన ఫ్రెంచివాడు టావెర్నియే 1652లో ఈ రేవులోనే దిగాడు. 1759లో పట్టణం ఫ్రెంచివారి చేతినుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఊళ్లో రక్షిత కట్టడంగా ఉన్నాయి.

ఆ తరువాత రేవు వెనుకబడింది. దీనికి రెండు ముఖ్యకారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, తీరం లోతు తక్కువ. ఒండ్రు పేరుకొనే ఈ తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేయవలసి వచ్చేది. రెండోది, మద్రాసు పెద్ద కేంద్రంగా ఎదగడంతో వర్తకం అటు తరలిపోయింది. వీటికి తోడు 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన దాదాపు 30,000 మంది ప్రాణాలను తీసి ఊరిని కోలుకోలేని దెబ్బ కొట్టింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సమీపంలోని దివిసీమను ముంచెత్తి వేలాది మందిని బలిగొన్నది. ఆ రాత్రిని కళ్లారా చూసినవారు ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఉన్నారు.

పెద్ద వర్తకం పోయిన ఊళ్లో ఏం మిగులుతుంది? బందరులో మిగిలింది మనుషుల చేతుల్లోని పని. చేపలు పట్టడం, ఉప్పు పండించడం, అద్దకం, మిఠాయి, గిల్టు నగల తయారీ ఊరిని నిలబెట్టాయి. 2023లో కొత్త నౌకాశ్రయ నిర్మాణం మొదలైంది. రేపటి బందరు ఎలా ఉన్నా, నేడు యాత్రికునికి ఎదురయ్యేది ముఖ్యంగా ఈ చేతివృత్తుల బందరే. ఈ విషయం గుర్తుంచుకొంటే తరువాతి భాగాలు సులభంగా అర్థమవుతాయి.

7.3 బందరు తిండి

7.3.1 సముద్రం, ఏరు, చెరువు

బందరు భోజనానికి మూడు వైపుల నుంచి సరుకు వస్తుంది. కృష్ణా డెల్టా నుంచి బియ్యం, పప్పులు, కూరగాయలు, మామిడిపండ్లు వస్తాయి. సముద్రం నుంచి పండుగప్ప, చందువ, మాగ, నెత్తళ్లు, సొర, రొయ్యలు వస్తాయి. ఊరి చుట్టూ ఉన్న కాలువలు, ఉప్పుటేర్లు, చెరువుల నుంచి బొమ్మిడాయిలు, పీతలు, చెరువు రొయ్యలు వస్తాయి.

వేట సరుకు ప్రధానంగా గిలకలదిండి రేవులో దిగుతుంది. పడవలు వచ్చే వేళకు అక్కడికి వెళితే ఆ రోజు ఏ చేప దొరికిందో మీకే తెలుస్తుంది. తరువాత ఏ భోజనశాలలోనైనా కూర్చొని ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: “ఈ రోజు ఏం వచ్చిందండీ?” వంటకాల పట్టికలో అన్ని పేర్లూ రోజూ ఉంటాయి. సముద్రం మాత్రం రోజూ అన్నీ ఇవ్వదు. తాజాగా వచ్చినదాన్ని అడిగి తినడం వల్ల మీకు రుచి దక్కుతుంది, ఆ రోజు వేటకు వెళ్లినవారికి ధర దక్కుతుంది.

కాలాన్ని కూడా గమనించాలి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లుపెట్టి పెరిగే కాలమది. ఆ రోజుల్లో సముద్రపు చేప తక్కువగా దొరుకుతుంది, ధర కూడా ఎక్కువే. అప్పుడు “ఇది సముద్రం రొయ్యా, చెరువు రొయ్యా?” అని అడగడంలో తప్పేమీ లేదు. చెరువు రొయ్య తక్కువది కాదు. కృష్ణా జిల్లాలో ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. ఏది తింటున్నారో తెలిసి తినడమే ఇక్కడ ముఖ్యం.

వండే తీరులో వేటకాలపు అవసరాలు కనిపిస్తాయి. చింతపండు పులుసులో ఉడికిన చేప ఆ పూటకే పాడైపోదు. రాత్రి వండిన పులుసు మరునాడు ఉదయానికి ముక్కకు ఉప్పూ కారమూ పట్టి మరింత రుచిగా ఉంటుందని తీరవాసులు చెబుతారు. వేట బాగా దొరికిన రోజుల్లో మిగిలిన చిన్న చేపలను ఉప్పు చల్లి ఎండబెడతారు. వాన కాలంలో, వేట లేని రోజుల్లో ఆ ఎండు నెత్తళ్లే వంకాయతోనో, మామిడికాయతోనో కలిసి కూర అవుతాయి. గోంగూరలో రొయ్యలు వేయడం డెల్టా పొలానికీ, సముద్రానికీ ఒకే గిన్నెలో కుదిరిన పొత్తు.

ఎండుచేపల వాసన అలవాటు లేనివారికి మొదట ఇబ్బందిగా ఉండవచ్చు. ముక్కు మూసుకొని పక్కకు తప్పుకోవడం సులభం. కాని అక్కడ చేపలు ఆరబెడుతున్నది ఎక్కువగా స్త్రీలు. వారి ఏడాది ఆదాయంలో అదొక భాగం. మీరు చేప తినకపోయినా ఆ పనిని గౌరవంగా చూడడం యాత్రికునిగా మీ బాధ్యత. శాకాహారులకు బందరులో లోటు లేదు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర పచ్చడి, పులుసుకూరలతో డెల్టా భోజనం నిండుగానే ఉంటుంది.

7.3.2 బందరు లడ్డు, హల్వా

బందరు వెళ్లిన వారిని ఇంట్లోవాళ్లు అడిగే మొదటి వస్తువు లడ్డు. ఇది బూందీ లడ్డు కాదు. తయారీలో తేడా ఉంది.

(అ) శనగపిండిని తడిపి, చిల్లుల గిద్దెతో సన్నపూసగా నేతిలో వేయిస్తారు.
(ఆ) వేగిన పూసను రోట్లో దంచి పొడి చేసి జల్లిస్తారు.
(ఇ) ఆ పొడిని బెల్లపు పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు.
(ఈ) ఏలకులపొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు చేర్చి ఉండలు కడతారు.

రెండుసార్లు దంచడం వల్లనే ఇది నోట్లో వేసుకోగానే కరుగుతుంది. దీనికి ‘తొక్కుడు లడ్డు’ అనే పేరు కూడా ఆ దంపుడు వల్లనే వచ్చింది. తెలంగాణ ఇళ్లలో మామిడికాయ తొక్కు అన్నప్పుడు వినిపించేదీ ఈ ‘తొక్కు’ అనే మాటే. ఒకచోట పచ్చడికీ, మరొకచోట మిఠాయికీ ఒకే క్రియ పేరు పెట్టింది.

బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన బొందిలీ కుటుంబాలు ఈ మిఠాయిని ఇక్కడ మొదలుపెట్టాయని ఊళ్లో చెప్పుకొంటారు. ఉత్తరాది నుంచి వచ్చిన చేతులు, డెల్టా బెల్లం, నెయ్యి కలిసి ఒక తెలుగు మిఠాయి తయారైందన్నమాట. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను బెల్లం, నేతితో గంటల తరబడి కలియబెడుతూ వండే నల్లని బందరు హల్వా కూడా ఈ ఊరి ప్రత్యేకతే.

2017లో బందరు లడ్డుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఒక వస్తువు గుణం, పేరు ఒక ప్రాంతం మీద ఆధారపడినప్పుడు, ఆ పేరును అక్కడి తయారీదారులే వాడుకొనేలా చట్టం ఇచ్చే రక్షణే భౌగోళిక సూచిక. మన దేశంలో దీనికి సంబంధించిన చట్టం 1999లో వచ్చి, 2003 నుంచి అమలులో ఉంది. హైదరాబాదీ హలీం కూడా ఈ గుర్తింపు పొందినదే.

గుర్తింపు ఉన్నంత మాత్రాన నకిలీ ఆగిపోదు. బెల్లం బదులు చక్కెర, నెయ్యి బదులు నూనె వాడి తక్కువ ధరకు అమ్మేవి దొరుకుతాయి. కొనేముందు దేనితో చేశారో అడగండి, కొంచెం రుచి చూడండి. ధర తక్కువగా ఉన్న పెట్టె కోసం వెతికే యాత్రికులు పెరిగితే, దంచే ఓపిక ఉన్న తయారీదారు కూడా చివరకు నూనెకూ, చక్కెరకూ దిగవలసి వస్తుంది.

7.3.3 పోర్చుగీసువారి జాడ

బందరు చేపల పులుసు ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు మిరపది. మిరప మన నేలది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కేరళ తీరం చేరిన తరువాత, 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడల ద్వారా అది భారతదేశానికి వచ్చింది. అంతకు ముందు మన కూరలకు కారం ఇచ్చింది మిరియాలు. కొత్త కాయకు పాత మిరియం పేరును పోలిన పేరే పెట్టుకొన్నాం. అనాస, బొప్పాయి, జీడిమామిడి కూడా ఆ ఓడలు తెచ్చినవే.

మాటలు కూడా దిగాయి. బొత్తాం, అల్మారా, ఇస్త్రీ, పీపా, మేస్త్రీ, తువ్వాలు, పాదిరి అనే పదాలు పోర్చుగీసు మూలం నుంచి వచ్చినవే. పావుబాజీలోని ‘పావు’ పోర్చుగీసువారి రొట్టె పేరు. పోర్చుగల్‌కు ఎన్నడూ వెళ్లనివారు కూడా రోజూ ఆ దేశపు మాటలు పలుకుతున్నారు, ఆ ఓడలు తెచ్చిన కారం తింటున్నారు.

దీని నుంచి మనం ఒక ముఖ్యమైన విషయం గ్రహించాలి. ‘స్థానిక ఆహారం’ అంటే బయటినుంచి ఏదీ రానిది అని అర్థం కాదు. వచ్చినదాన్ని ఆ ఊరు తన నీళ్లకూ, తన కాలానికీ, తన పనికీ సరిపడేలా మలచుకొన్నదే స్థానిక ఆహారం. రేవుపట్టణాలలో ఈ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – I
గమనిక: (అ) మీ సమాధానాలను విడిగా కాగితంపై రాయండి. (ఆ) యూనిట్ చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. బందరు రేవు వెనుకబడడానికి రెండు ముఖ్యకారణాలు తెలపండి.
2. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అని ఎందుకంటారు?

7.4 చేతిపని: కలంకారీ అద్దకం

బందరుకు దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో పెడన ఉంది. మచిలీపట్నం కలంకారీగా ప్రసిద్ధమైన అద్దకం నేడు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. పారశీకంలో ‘కలం’ అంటే లేఖిని, ‘కారీ’ అంటే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే కలంతో దేవతల కథలు గీస్తారు. బందరు పద్ధతిలో టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. పర్షియా కొనుగోలుదారుల అభిరుచికి తగ్గట్టు పూలు, తీగలు, చెట్లు, మామిడిపిందెల నమూనాలు ఇక్కడ పెరిగాయి. ఐరోపా వర్తకులు ఇటువంటి రంగుబట్టలను ‘పింటాడో’ అని పిలిచారు. రంగులు పూసినది అని అర్థమిచ్చే పోర్చుగీసు మాట అది.

అద్దకం క్రమం స్థూలంగా ఇది. మొదట నూలుబట్టను ఉతికి గంజి పోగొడతారు. తరువాత కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయ రంగు పట్టడానికి, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఉండడానికి తోడ్పడతాయి. ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో అద్దితే, కరక్కాయతో కలిసి నల్లగీత పడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీటితో అద్దుతారు. ఆ దశలో అక్కడ ఎరుపు కనిపించదు. బట్టను పారే నీటిలో ఉతికి, వేర్లు, చెక్కల నుంచి తీసిన రంగుతో రాగి కాగులో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఆ పైన నీలం, పసుపు వంటివి వరుసగా చేరతాయి. ప్రతి దశ మధ్యా ఉతకాలి, ఎండబెట్టాలి. ఎండ, నీరు, మనిషి ఓపిక ఈ మూడింటిలో ఏది తగ్గినా బట్ట చెడుతుంది.

ఇప్పుడు ఈ పనికి ఉన్న ముప్పును చూద్దాం. కలంకారీ నమూనాను యంత్రంతో లేదా స్క్రీన్‌తో ముద్రించిన బట్ట ఏ పట్టణంలోనైనా చౌకగా దొరుకుతుంది. దాన్నీ కలంకారీ అనే అమ్ముతారు. రోజుల తరబడి పట్టే పని, నిమిషాలలో ముద్రించిన బట్టతో ధరలో పోటీ పడలేదు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక సూచిక ఉన్నా, తేడా తెలియని కొనుగోలుదారు ముందు ఆ రక్షణ పెద్దగా పనిచేయదు. పని గిట్టుబాటు కానప్పుడు అచ్చులు చెక్కేవారి పిల్లలు, అద్దేవారి పిల్లలు వేరే కూలి వెతుక్కొంటారు. ఒక తరం నేర్చుకోకపోతే ఆ పని పుస్తకాలలో మాత్రమే మిగులుతుంది.

అందువల్ల తేడా గుర్తించడం నేర్చుకోండి. చేతి అద్దకంలో ఒక అచ్చుకూ, పక్క అచ్చుకూ మధ్య కలిసే చోట చిన్న హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. ఒకే పువ్వు రెండు చోట్ల ఒకే ముదురుతో ఉండదు. ఎక్కడా తేడా లేకుండా అచ్చుగుద్దినట్టున్న బట్టను అనుమానించాలి. అచ్చు, రంగు, బట్ట గురించి అమ్మేవారిని అడగండి. చేసినవారు సంతోషంగా వివరిస్తారు. చిన్న చేతిరుమాలే కొనండి, అసలైనది కొనండి.

పెడనతో పాటు బందరులోని చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పేరుపొందింది. బంగారం కొనలేని ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లలో ఈ నగలే మెరుస్తాయి.

7.5 ఆటపాటలు, ఉత్సవాలు

తినడం, కొనడంతో పాటు ఊరివాళ్లు కలుసుకొనే సందర్భాలను కూడా యాత్రలో చేర్చుకోవాలి. చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయం ఉంది. కార్తిక మాసంలో అక్కడ జరిగే ఉత్సవాలకు దూరప్రాంతాల నుంచి భక్తులు వస్తారు. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి రోజుల్లో సముద్రస్నానానికి పట్టణానికి దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగినపూడి తీరానికి జనం తరలివెళతారు. మంగినపూడి తీరం ఇసుక తీరం కాదు. అక్కడ నల్లని బంకమట్టి ఎక్కువ. ఒండ్రు పేరుకొనే తీరం గురించి 7.2లో చదివారు. ఇక్కడ మీ కాళ్ల కిందే దాన్ని చూడవచ్చు.

మొవ్వ మండలంలోని కూచిపూడి, మొవ్వ గ్రామాలను కూడా ఇదే యాత్రలో చూడవచ్చు. మొవ్వ పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన ఊరు. కూచిపూడి సిద్ధేంద్రయోగి సంప్రదాయంలో పెరిగిన నాట్యానికి పుట్టినిల్లు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఈ భాగవతుల ఆట చూసి మెచ్చి, గ్రామాన్ని వారికి ఇచ్చాడని సంప్రదాయంగా చెబుతారు. గోల్కొండకూ, ఈ తీరానికీ ఉన్న బంధం వర్తకానికే పరిమితం కాదని ఇది సూచిస్తుంది.

ఉత్సవం రోజుల్లో వెళితే ఊరు నిండుగా కనిపిస్తుంది, కాని బస, భోజనం దొరకడం కష్టం. మామూలు రోజుల్లో వెళితే పనిచేసేవారితో మాట్లాడే తీరిక దొరుకుతుంది. మీ ఉద్దేశాన్ని బట్టి రోజులు ఎంచుకోండి.

7.6 పోలిక: పోర్చుగల్‌లోని ఆవేరో

మనం చెప్పుకొన్న విషయాలు బందరుకే ప్రత్యేకమా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం పోర్చుగల్ పశ్చిమతీరంలోని ఆవేరో పట్టణాన్ని పోల్చి చూద్దాం.

ఆవేరో ఒక ఉప్పునీటి కయ్య పక్కన ఉంది. ఒకప్పుడు చురుకైన రేవు. 16వ శతాబ్ది చివర సముద్రముఖం ఇసుకతో పూడుకుపోయి ఓడల రాక తగ్గింది, ఊరు చిక్కిపోయింది. 1808లో కొత్త సముద్రముఖాన్ని తవ్విన తరువాతే తిరిగి కోలుకొంది. ఈ కాలమంతా ఊరిని నిలిపిన వాటిలో ఉప్పుమడులు, చేపలవేట, కయ్యలోని నాచు సేకరణ ఉన్నాయి. నాచును పొలాలకు ఎరువుగా వేసేవారు. దాన్ని మోసిన పొడవాటి రంగుల పడవలను ‘మొలిసైరో’లు అంటారు.

ఆవేరోకు కూడా ఒక మిఠాయి ఉంది. దాని పేరు ‘ఓవోస్ మోలెస్’. గుడ్డులోని పచ్చసొన, చక్కెరపాకం కలిపి వండి, చేపలు, గవ్వల ఆకారంలో ఉన్న పల్చని పొరల మధ్య నింపుతారు. క్రైస్తవ సన్యాసినుల మఠాలలో పుట్టిన వంటకం ఇది. బందరు లడ్డుకు మన దేశంలో ఉన్నట్టే, దీనికి ఐరోపా సంఘంలో భౌగోళిక సూచిక రక్షణ ఉంది. అదే దేశంలోని నజరే పట్టణంలో స్త్రీలు సముద్రపుటొడ్డున చేపలను ఎండబెట్టి అమ్మడం నేటికీ చూడవచ్చు. మన తీరపు దృశ్యమే అక్కడా కనిపిస్తుంది.

ఒక తేడాను మాత్రం జాగ్రత్తగా గమనించండి. ఆవేరోలో నేడు మొలిసైరో పడవలు ముఖ్యంగా యాత్రికులను తిప్పుతున్నాయి. నాచు మోసే పని దాదాపు లేదు. పడవ మిగిలింది, ఆదాయం వచ్చింది, పడవను పుట్టించిన పని పోయింది. ఇది పూర్తిగా లాభమో, పూర్తిగా నష్టమో కాదు. యాత్రికుల డబ్బే లేకపోతే పడవ కూడా పోయి ఉండేది. బందరు ముందు కూడా ఇదే ప్రశ్న ఉంది. పెడన అద్దకం యాత్రికుల ముందు చేసి చూపే ప్రదర్శనగా మిగలాలా? లేక మనం కట్టుకొనే బట్టగా బతకాలా? ఆ బట్టను వాడేవారు ఉన్నంతకాలమే రెండోది సాధ్యం.

7.7 యాత్రికుడు పాటించవలసిన పద్ధతులు

పై చర్చ ఆధారంగా కొన్ని ఆచరణయోగ్యమైన సూచనలు:

1. ముందుగా కొంత చదవండి. ఊరి చరిత్ర, ముఖ్యవృత్తులు తెలిస్తే సరైన ప్రశ్నలు అడగగలుగుతారు.
2. తిండికి ఊరి వేళలు పాటించండి. రేవుకు పడవలు వచ్చే వేళ, మిఠాయి వండే వేళ స్థానికులను అడిగి తెలుసుకోండి.
3. కొంచెం కొంచెంగా తినండి. నలుగురు కలిసి వెళితే నాలుగు రకాలు పంచుకోవచ్చు. కొత్త సముద్రాహారం పడుతుందో లేదో కూడా తెలుస్తుంది. రొయ్యలు, పీతలు కొందరికి ఒంటికి పడవు.
4. శుభ్రతను గమనించండి. వేడిగా వండి వడ్డించినది, జనం ఎక్కువగా తినేచోటు ఎంచుకోండి. చేప కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా, కండ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి.
5. బేరం మితంగా చేయండి. చేతిపని ధరలో చేసినవారి రోజులు ఉంటాయి. ధర ఎందుకు అంత అని అడగవచ్చు, దానిని ఎగతాళి చేయకూడదు.
6. అడిగి ఫోటో తీయండి. చేపలు ఆరబెట్టేవారు, అద్దకం చేసేవారు తమ పనిలో ఉన్నారు. “తీసుకోవచ్చాండీ?” అన్న ఒక్క మాట సరిపోతుంది.
7. యాసను గౌరవించండి. తెలంగాణ తెలుగూ, బందరు తెలుగూ రెండూ తెలుగే. తెలియని మాట వినబడితే నవ్వకుండా అర్థం అడగండి. మీ మాట వారికి చెప్పండి.
8. విషాదాన్ని వినోదంగా చూడకండి. ఉప్పెన గురించి ఎవరైనా చెబితే వినండి. వారు చెప్పకపోతే గుచ్చి అడగకండి.
9. సముద్రంతో జాగ్రత్త. హెచ్చరికలున్నప్పుడు, చీకటి పడిన తరువాత నీటిలోకి దిగకండి. ప్లాస్టిక్ చెత్తను తీరంలో వదలకండి.

ఈ సూచనలన్నింటికీ ఆధారం ఒకటే. యాత్రికుడు ఊరికి అతిథి. ఆయన ఖర్చుచేసే ప్రతి రూపాయీ ఆ ఊళ్లో ఒక పనిని నిలబెడుతుంది, లేదా దాని నకిలీని పెంచుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – II
3. కలంకారీలో బట్టను కరక్కాయ కలిపిన పాలలో ఎందుకు నానబెడతారు?
4. ఆవేరో, బందరు పట్టణాల మధ్య రెండు పోలికలు రాయండి.

7.8 సారాంశం

మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవుగా ఎదిగి, తీరం లోతు తక్కువ కావడం వల్ల, వర్తకం మద్రాసుకు తరలిపోవడం వల్ల వెనుకబడింది. 1864 ఉప్పెన ఆ దెబ్బను మరింత పెంచింది. ఊరిని నిలిపినవి వేట, ఉప్పు, మిఠాయి, అద్దకం వంటి పనులు. ఇక్కడి ఆహారంలో డెల్టా, సముద్రం, వలసవచ్చిన వారి నైపుణ్యం, పోర్చుగీసు ఓడలు తెచ్చిన మిరప అన్నీ కలిసి ఉన్నాయి. బందరు లడ్డు, మచిలీపట్నం కలంకారీ భౌగోళిక సూచిక పొందినా, తేడా తెలిసిన కొనుగోలుదారులు ఉన్నప్పుడే ఆ రక్షణకు విలువ. ఒక ఊరి ఆహారాన్నీ, సంస్కృతినీ ఆస్వాదించడమంటే వాటిని చేస్తున్నవారిని గుర్తించి, తెలుసుకొని తినడం, తెలుసుకొని కొనడం.

7.9 కీలకపదాలు

అచ్చు: బట్టపై నమూనా అద్దడానికి చెక్కలో చెక్కిన దిమ్మ.
అద్దకం: బట్టపై రంగులతో నమూనాలు వేసే పని.
ఉప్పుటేరు: సముద్రపు ఆటుపోట్ల నీరు వచ్చిపోయే ఏరు.
ఉప్పెన: తుపాను వేళ సముద్రపు నీరు ఎత్తుగా లేచి భూమిని ముంచడం.
కయ్య: సముద్రానికి ఆనుకొని ఉన్న లోతు తక్కువ నీటిప్రాంతం.
భౌగోళిక సూచిక: ప్రాంతంతో ముడిపడిన ఉత్పత్తి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ.
సరాయి: బాటసారులు బసచేసే కట్టడం.

7.10 మీ ప్రగతిని తెలుసుకోండి: సమాధానాలు

1. తీరం లోతు తక్కువగా ఉండి పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోవడం. మద్రాసు ఎదిగి వర్తకం అటు తరలిపోవడం.
2. వేయించిన శనగపిండి పూసను రోట్లో రెండుసార్లు దంచి చేస్తారు కాబట్టి.
3. కరక్కాయ రంగు పట్టడానికి, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఉండడానికి.
4. రెండూ ఒకప్పుడు చురుకుగా ఉండి, ఒండ్రు లేదా ఇసుక వల్ల దెబ్బతిన్న రేవులు. రెండింటికీ భౌగోళిక సూచిక పొందిన మిఠాయిలు ఉన్నాయి.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తీరపట్టణపు ఆహారానికీ, అక్కడి వృత్తులకూ ఉన్న సంబంధాన్ని మచిలీపట్నం ఆధారంగా చర్చించండి.
2. మచిలీపట్నం కలంకారీ తయారీ క్రమాన్ని వివరించి, ఆ పనికి ఉన్న ముప్పును విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భౌగోళిక సూచిక
2. తెలుగు ఆహారంలో, భాషలో పోర్చుగీసు జాడలు
3. వేట నిషేధకాలం

III. అభ్యాసం
మీ ఊరికి బందరు నుంచి ఒక విద్యార్థి అతిథిగా వస్తున్నారనుకోండి. మీరు జల్‌పల్లిలో ఉంటే చెరువు, పహాడీ షరీఫ్ దర్గా, జొన్నరొట్టె, సర్వపిండి వంటి వాటిలో ఏవి చూపిస్తారు, ఏవి తినిపిస్తారు? ఒక్కొక్కదాని వెనుక ఎవరి పని ఉందో ఇంట్లో పెద్దలనూ, ఇరుగుపొరుగునూ అడిగి తెలుసుకొని, రెండు పుటలలో రాసి మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు చూపండి.